వీధి ఏది? లోపలి గది ఏది?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుంది, కంపెనీలు తమ సొంతానికి పెట్టుకునే నెట్‌వర్కులు ఎలా పనిచేస్తాయి అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. అందుకని పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. ముందుగా నా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను.

నాలుగేళ్ల కిందట స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టిన పిల్లల జాబితా నేనే తయారు చేశాను. పిల్లల పేర్లు, తల్లుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అన్నీ అందులో ఉన్నాయి. తోటి ఉపాధ్యాయులు సరిచూస్తారని దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాను. లింకు ఉన్నవాళ్లు ఎవరైనా చూడవచ్చు అన్నచోట నొక్కి, ఆ లింకును రెండు వాట్సాప్ గ్రూపుల్లో వేశాను.

పది రోజులకు ఒక తల్లి ఏడుస్తూ బడికి వచ్చింది. భర్త లేడు. మిషను కుట్టి ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. స్కాలర్‌షిప్పు మంజూరైంది, ఓటీపీ చెప్పమని ఎవరో ఫోన్ చేశారట. ఖాతాలో ఉన్న ఆరువేలూ పోయాయి. "పాప పేరు, తరగతి, ఖాతా నంబరు అన్నీ సరిగ్గా చెప్పాడు సార్, బడివాళ్లే అనుకున్నా" అంది. ఆ వివరాలు నా జాబితా నుంచే పోయాయనడానికి రుజువు లేదు. పోలేదని ఆమె మొహం చూసి చెప్పే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది. ఆ తర్వాతే ఈ ఇంటర్నెట్ సంగతి నిజంగా చదువుకోవడం మొదలుపెట్టాను.

1969 అక్టోబరు 29న అమెరికాలో, లాస్‌ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న కంప్యూటరుకు "లాగిన్" అనే మాట పంపబోయారు. రెండు అక్షరాలు చేరగానే అవతలి కంప్యూటరు ఆగిపోయింది. ఇంటర్నెట్‌కు పునాది వేసిన నెట్‌వర్కు అలా మొదలైంది. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రూపొందించిన నియమాలను ఆ నెట్‌వర్కు 1983 జనవరి 1 నుంచి అమలుచేసింది. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న.

ఇది ఎలా నడుస్తుందో చూపించడానికి తరగతిలో ఒక ఆట ఆడిస్తాను. ఒక ఉత్తరాన్ని ముక్కలుగా కత్తిరించి, ప్రతి ముక్క మీద వరుస నంబరు, చేరాల్సిన పిల్లవాడి పేరు రాస్తాను. ముక్కలు ఒక్కో బెంచీ మీదుగా ఒక్కో దారిలో వెళతాయి. చివరి పిల్లవాడు నంబర్ల ప్రకారం పేర్చి చదువుతాడు. ఏ ముక్కైనా రాకపోతే మళ్లీ పంపమంటాడు. ఇంటర్నెట్ చేసే పనీ ఇదే. మీరు పంపే మూడు ఎంబీల ఫోటో దాదాపు రెండువేల ముక్కలవుతుంది. రౌటర్లనే యంత్రాలు ప్రతి ముక్క మీది చిరునామా చూసి ముందుకు తోస్తాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. దారిలో ఉన్న బెంచీలన్నీ ఒకరివి కావు. ఇంటర్నెట్ మొత్తానికి యజమాని లేడు. అది అందరూ నడిచే వీధి. అందుకే పంపేదాన్ని ఇతరులకు అర్థం కాని రహస్య లిపిలోకి మార్చి పంపుతారు. బ్రౌజరులో చాలాకాలం కనిపించిన తాళం గుర్తుకు అర్థం అదే. అయితే ఆ తాళం దారికి మాత్రమే. అవతల కూర్చున్నవాడు మంచివాడని అది హామీ ఇవ్వదు.

మరి వ్యాపార సంస్థలు ఏం చేస్తాయి? తమ ఉద్యోగులు మాత్రమే వాడుకునే నెట్‌వర్కు పెట్టుకుంటాయి. దాన్ని ఇంట్రానెట్ అంటారు. అది ఇంట్లో లోపలి గది. సరుకు ఇచ్చేవాళ్లు, ఏజెంట్లు వచ్చి తమకు కావలసినంత మాత్రమే చూసుకునే భాగం ఎక్స్‌ట్రానెట్. అది అతిథులు కూర్చునే ముందు గది. ఊళ్లో ఒక శాఖ, వేరే ఊళ్లో ఒక శాఖ ఉంటే, ఆ రెండింటి మధ్య వీధి కిందుగా సొరంగం తవ్వినట్టు ఒక దారి ఏర్పాటు చేసుకుంటారు. దాన్నే వీపీఎన్ అంటారు. ముక్కలు వెళ్లేది అదే వీధిలో. కాని పైనున్నవారికి లోపల ఏముందో తెలియదు.

దీనికి మంచి ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్ ట్యాంక్ దగ్గర నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ, 1999లో బ్యాంకుల కోసం ఇన్ఫినెట్ అనే నెట్‌వర్కు ప్రారంభించింది. అందులోకి సభ్య సంస్థలకే ప్రవేశం. ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు మన డబ్బు సంగతి చేరవేయడానికి అలాంటి మూసిన దారి కావాలనుకున్నారు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన దగ్గర ఉన్నవి కోట్ల రూపాయలు కావు. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగడం లేదో, ఏ పిల్లకు ఫీజు కట్టాలో, ఎవరికి డయాలసిస్ జరుగుతోందో ఆ వివరాలున్నాయి. వాళ్లు మనల్ని నమ్మి చెప్పారు. అది అమానత్. బ్యాంకు రూపాయిని దాచినంత జాగ్రత్తగా మనం పేదవాడి గుట్టు దాచాలి.

నేను చేసిన తప్పు ఏమిటో ఇప్పుడు మీకే తెలిసింది. వాట్సాప్ సందేశం దారిలో భద్రంగానే వెళుతుంది. కాని రెండు వందల మంది ఉన్న గ్రూపులో వేశాక దారికి తాళం ఉండి ఏం లాభం? లోపలి గదిలో ఉండాల్సినదాన్ని నేనే తెచ్చి వీధిలో పెట్టాను.

అందుచేత దాతలను రెండు కోరతాను. మొదటిది, కంప్యూటర్ల కోసం మీరిచ్చే సొమ్ములో కొంత వాటి భద్రతకు కేటాయించనివ్వండి. పనిచేసే ప్రతి ఒక్కరికీ వేరు పాస్‌వర్డు ఉండాలి. ఎవరి పనికి కావలసినంత మేరకే వారికి కనిపించాలి. పని మానేసినవారి ప్రవేశం ఆ రోజే ఆగిపోవాలి. ఇది ముందు గదికీ లోపలి గదికీ మధ్య తలుపు పెట్టడమే.

రెండోది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. "మా డబ్బు ఎవరికి ఇచ్చారో పేర్లు పంపండి, ఫోటోలు పెట్టండి" అని కొందరు అడుగుతుంటారు. లెక్క అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఎంత వచ్చింది, ఎంతమందికి ఏ పనికి ఇచ్చారు, ఆడిటరు ఏం రాశారు, ఇవన్నీ ముందు గదిలో మీ ఎదుట పెట్టాల్సిందే. సందేహం ఉంటే ఆఫీసుకు వచ్చి, కమిటీ సమక్షంలో రసీదులు పరిశీలించండి. ఫీజు అందుకుంటున్న పిల్ల ఫోటో మాత్రం అడగవద్దు. ఆ ఫోటో రేపు ఆమె తోటి పిల్లల ఫోన్లలోకే వస్తుంది.

ఆ మిషను కుట్టే తల్లి కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఈ ఏడాది దరఖాస్తు ఇచ్చేటప్పుడు ఆమె అడిగింది: "ఇది ఎవరెవరు చూస్తారు సార్?" నేను ఇద్దరి పేర్లు చెప్పాను. ఆ ఇద్దరే చూసేలా చేయగలిగే శక్తి మన సంస్థకు మీరివ్వాలి.