పాల టాంకరు పట్టాలెక్కాలంటే

(వేటపాలెంలో జరిగిన సభ్య సంఘాల సమావేశంలో సమాఖ్య రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



డీజిలు ధర పెరిగినప్పుడల్లా సంఘాల నుండి మాకు ఒకే ప్రశ్న వస్తున్నది. విజయవాడ - చెన్నై రైలుమార్గం మన ఊళ్ల మీదుగానే పోతున్నది. తెనాలి, బాపట్ల, చీరాల, వేటపాలెం అన్నీ ఆ దారిలోవే. రేపల్లెకు తెనాలి నుండి శాఖామార్గం ఉన్నది. అటువంటప్పుడు పాలు, దాణా లారీల మీదనే ఎందుకు నడవాలి? రైలులో పంపి ఆ మిగులును రైతుకు ఇవ్వరాదా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి లెక్కతో జవాబు చెప్పవలసి ఉన్నది.

మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాలనుండే వస్తున్నది. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం రాగా, కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర ఇంచుమించు నాలుగు రెట్లయింది. 2021 అక్టోబరు నాటికి మన రాష్ట్రంలో లీటరు డీజిలు నూరు రూపాయలు దాటి ఉన్నది. ఎక్కడో జరిగిన దాని భారం చివరకు పాలుపోసే రైతు మీద పడుతున్నది. ఎందుకంటే పట్టణంలో పాలు కొనేవారు ఇచ్చే రూపాయిలో నుండి రవాణా ఖర్చు తీసివేసిన తరువాతనే రైతు వాటా తేలుతుంది.

ఇప్పుడు రెండు ఉదాహరణలు చూద్దాము. ఊరూరా తిరిగి క్యాన్లు ఎక్కించుకునే వ్యాను పూటకు 60 కిలోమీటర్లు తిరుగుతుందనీ, లీటరు డీజిలుకు 10 కిలోమీటర్లు నడుస్తుందనీ అనుకొందాము. ఖర్చయ్యేది 6 లీటర్లు. డీజిలు 10 రూపాయలు పెరిగితే ఆ పూట ఖర్చు 60 రూపాయలు పెరుగుతుంది. వ్యానులో 1,000 లీటర్ల పాలు ఉంటే లీటరుకు పడేది 6 పైసలు. 500 లీటర్లే ఉంటే 12 పైసలు.

రెండవది దూరప్రయాణం. రేణిగుంట నుండి ఢిల్లీకి రైలుమార్గాన సుమారు 2,300 కిలోమీటర్లు. రోడ్డు దూరం కూడా అంతే అనుకొని, 20,000 లీటర్ల టాంకరు లారీ పాలతో పోయి ఖాళీగా తిరిగివస్తే 4,600 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున 1,150 లీటర్ల డీజిలు కావాలి. ధర 10 రూపాయలు పెరిగితే ఖర్చు 11,500 రూపాయలు పెరుగుతుంది. అంటే లీటరు పాలకు 57 పైసలకు పైమాటే.

ఈ రెండు లెక్కలలోనే జవాబు ఉన్నది. దూరానికి పోయే సరుకును రైలెక్కించాలి. దగ్గర తిరిగే వ్యానును నింపాలి. వేటపాలెం నుండి ఒంగోలుకో తెనాలికో క్యాన్లు రైలులో పంపితే స్టేషనుకు చేర్చడం, ఎక్కించడం, దించడం, మళ్లీ వ్యాను కట్టడం అయ్యేసరికి పొదుపు పోతుంది, పాలూ పులుస్తాయి.

దూరానికి రైలు ఎంత ఉపకరిస్తుందో మన రాష్ట్రమే చూపించింది. చిత్తూరు ప్రాంతపు పాలను రేణిగుంట నుండి ఢిల్లీకి పంపే రైలు టాంకర్లను పూర్వం ప్రయాణికుల ఎక్స్‌ప్రెస్ బండ్లకు తగిలించేవారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వల్ల ఆ బండ్లు ఆగిపోయినవి. అప్పుడు దక్షిణ మధ్య రైల్వే మార్చి 26 నుండి పాలకే ప్రత్యేకంగా 'దూధ్ దురంతో' బండ్లు నడిపింది. ఒక్కొక్క టాంకరులో సుమారు 40,000 లీటర్లు. ఆరు టాంకర్లకు 2 లక్షల 40 వేల లీటర్లు. అవే పాలను రోడ్డున పంపాలంటే 20,000 లీటర్ల లారీలు పన్నెండు కావాలి.

గుజరాత్‌లో మరొక పద్ధతి వచ్చింది. పశ్చిమ సరుకు రవాణా కారిడార్ మీద పాలన్‌పూర్ నుండి రేవాడీకి పాల టాంకరు లారీలనే రైలు వాగన్లపైకి ఎక్కించి పంపుతున్నారు. పాలు ఒకదానిలో నుండి మరొకదానిలోకి మార్చే పని లేదు.

సహకార పాల ఉద్యమానికి రైలు కొత్తది కాదు. 1946 డిసెంబరులో రిజిస్టరు అయిన ఖేడా జిల్లా యూనియన్, 1948 జూన్‌లో ఆనంద్ నుండి బొంబాయికి పాలు పంపసాగింది. మొదట రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్లు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన తరువాత ఆనంద్ పాలు రైలు టాంకర్లలో కలకత్తా దాకా పోయినవి.

అయితే ఒక చిక్కు ఉన్నది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకులో అత్యధిక భాగం రైలుమీదే నడిచేది. నేడు మూడోవంతుకు మించి లేదు. 1980 దశాబ్దం నుండి రైల్వేవారు చిల్లర సరుకు తగ్గించి, పూర్తి రేకు లెక్కన సరుకు తీసుకోవడానికే మొగ్గు చూపారు. ఒక రేకుకు తౌడో, చెక్కో, మొక్కజొన్నో రెండువేల టన్నులకు పైబడి పడుతుంది. నిర్ణీత గంటల్లో దించకపోతే డెమరేజి కట్టాలి. చిన్న వర్తకుడు, ఒంటరి రైతు ఆ తలుపు దగ్గరకే పోలేరు. అందుకే వారు లారీని ఆశ్రయించారు.

సహకార సంఘం అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఒక రైతు ఒక క్యాను నింపలేడు, సంఘం నింపుతుంది. ఒక సంఘం లారీ టాంకరు నింపలేదు, యూనియన్ నింపుతుంది. రైలు టాంకరును, దాణా రేకును నింపగలిగేది అందరమూ కలిసినప్పుడే. రైల్వేవారితో మాట్లాడడం మా పని. కాని వారు మొదట అడిగేది ఒక్కటే: "రోజూ ఎంత సరుకు ఇస్తారు?" దానికి జవాబు మీ సంఘాల పుస్తకాలలో ఉన్నది.

కనుక నాలుగు విషయాలు మనవి చేస్తున్నాము.

ఒకటి: పక్కపక్క ఊళ్లకు వేర్వేరు వ్యాన్లు సగం ఖాళీగా తిరుగుతున్నచోట రూట్లు కలపండి. ఇందుకు రైలు కోసం ఎదురుచూడనక్కరలేదు. పొదుపు రేపటినుండే కనబడుతుంది.

రెండు: వ్యాను వేళకు పాలుపోత ముగించండి. ఒక ఊళ్లో అరగంట ఆలస్యమైతే ఆ రూటంతా ఆలస్యం. రైలు మనకోసం ఆగదు.

మూడు: ప్రతి క్యానూ సంఘం దగ్గరే పరీక్షించండి. పిండిన పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చే ఏర్పాటు ఉండాలి. 40,000 లీటర్ల టాంకరులో ఒక పులిసిన క్యాను చేసే నష్టం ఒక ఊరితో పోదు.

నాలుగు: దాణా అవసరాన్ని సీజనుకు ముందే తెలియజేయండి. అందరి ఇండెంట్లు ఒకేసారి అందితే రేకుకు సరిపడేదీ లేనిదీ తేలుతుంది. దించి నిలవచేసే గిడ్డంగి ఎక్కడ ఉన్నదో కూడా వ్రాయండి.

రైలు పేరు చెప్పి రేపే పాలధర పెంచుతామని మేము అనడం లేదు. అలా అంటే మిమ్మల్ని మభ్యపెట్టినట్లే. డీజిలు ధర మన చేతిలో లేదు. ఒక లీటరు పాలకు ఎంత డీజిలు ఖర్చుపెడతామన్నది మాత్రం మన చేతిలో ఉన్నది. వచ్చే పాలకవర్గ సమావేశంలో మీ రూటు కిలోమీటర్లు, పూటవారీ పాల లెక్క, దాణా అవసరం చర్చకు పెట్టి, ఆ వివరాలు సమాఖ్యకు పంపవలసిందిగా కోరుతున్నాము. ఆ కాగితాలు చేతికి వస్తేనే మేము రైల్వేవారి ముందు కూర్చోగలము.