అమ్మ చేతికొచ్చిన నోటీసు
(కువైట్ తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం)

శుక్రవారం కదా, కొందరు పొయ్యి మీద కూర పెట్టి వింటుంటారు, కొందరు మాలియాకు బయల్దేరుతూ వింటుంటారు. మీ సమయం ఎక్కువ తీసుకోను. ఈ రోజు ఇంటి పన్ను గురించి మాట్లాడతాను.

"కువైట్‌లో ఇంటి పన్ను ఏమిటయ్యా?" అంటారేమో. నిజమే. ఇక్కడ మన జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఇల్లు మనది కాదు కాబట్టి నెలనెలా అద్దె కట్టుకుంటాం, అంతే. కానీ మనలో చాలామందికి ఇంకో ఇల్లుంది. కడపలోనో, రాజంపేటలోనో, రాయచోటిలోనో, గోదావరి జిల్లాల్లోనో మన చెమటతో లేచిన ఇల్లు. మనం అందులో ఏడాదికి నెల రోజులుంటాం. పన్ను మాత్రం పన్నెండు నెలలకూ పడుతుంది.

నేను షువేక్‌లో ఒక గోదాములో స్టోర్‌కీపర్ని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. మా ఇల్లు రాయలసీమలో ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంది. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నాన్న పోయాక ఇల్లు అమ్మ పేరు మీదికి మార్పించాం. అమ్మ ఒక్కతే ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక రోజు అమ్మ ఫోన్ చేసింది. "ఏందో కాగితం ఇచ్చిపోయినార్రా నాయనా. నువ్వేం దిగులు పడొద్దు, నా చెవి కమ్మలున్నాయి, కట్టేస్తా" అంది. కాగితం చూడకముందే కమ్మల మాట! నాకు గుండె జారిపోయింది. బావమరిది చేత ఫోటో తీయించి తెప్పించుకుని చూశాను. ఆరు నెలలకు 840 రూపాయలున్న పన్ను 3,900 అయింది.

ముందు నాకు కోపం వచ్చింది. తర్వాత గోదాములో సరుకు తేడా వచ్చినప్పుడు చేసే పనే చేశాను. కాగితం మీద ఏముంది, నేల మీద ఏముంది అని వరసగా సరిచూశాను. మీకు చెప్పదలచుకున్న మొదటి మాట అదే. పన్ను ఎంత అన్నది తర్వాత చూడండి. దేని మీద వేశారో ముందు చూడండి.

దేని మీద వేస్తారో క్లుప్తంగా చెప్తాను. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పూర్వం ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి పన్ను వేసేవారు. 2020 నవంబరులో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి ఇంటి మూలధన విలువ మీద వేయడం మొదలుపెట్టారు. అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్కల ప్రకారం స్థలం విలువ, దానికి తోడు కట్టడం విలువ. ఆ నిబంధనల్లో నివాసానికి విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, దుకాణాల వంటి వాటికి 0.20 నుంచి 2 శాతం దాకా రేటు పెట్టారు. పాత కట్టడానికి పన్ను ఒకేసారి 15 శాతం మించి పెరగకూడదని కూడా ఆనాడు రాశారు. యజమాని సొంతంగా ఉండే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు.

అంటే నోటీసులో చూడాల్సినవి నాలుగు: కొలత, వాడకం, కట్టడం ఏ రకం, ఎంత పాతది. రేటుతో మనం వాదించలేం. ఈ నాలుగింటిలో తప్పుంటే మాత్రం తప్పకుండా అడగవచ్చు.

మా నోటీసులో ఏముందో వినండి. మా కింది మిద్దె 35 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు. అంటే 910 చదరపు అడుగులు. నోటీసులో 1,378 అని ఉంది. రాత్రంతా ఆలోచించాను, ఈ అంకె ఎక్కడిదని. తెల్లారి లెక్క కాగితం మీద 53ని 26తో గుణిస్తే సరిగ్గా 1,378 వచ్చింది! 35 బదులు 53 రాశారు. ఎవరి దురుద్దేశమూ లేదు, రాసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి. ఇక రెండోది, ముందుగదిని దుకాణం అని రాశారు. ఒకప్పుడు అక్కడ నాన్న అంగడి పెట్టిన మాట నిజం. నాన్నతో పాటే అంగడీ మూతపడింది. ఇప్పుడు ఆ గదిలో అమ్మ మంచం, కుట్టు మిషను ఉన్నాయి.

మూడోది పై అంతస్తు. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఈలోగా ఊళ్లో ఒకాయన బావమరిదిని పట్టుకున్నాడు. "కువైట్ పార్టీ కదా, ఇరవై వేలు పంపమను, నేను చూసుకుంటా" అన్నాడట. నిజం చెప్తున్నాను, ఒక క్షణం మనసు అటు లాగింది. ఇరవై వేలంటే ఇక్కడ ఓవర్‌టైం చేసి సంపాదించుకోవచ్చు, తలనొప్పి పోతుంది కదా అనిపించింది. అమ్మే ఒప్పుకోలేదు. "తప్పు రాసింది వాళ్లయితే మనమెందుకియ్యల్ల?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రివిజన్ పిటిషన్ వేశాం. అది కమిషనర్ పేరు మీద రాయాలి. గడువు నోటీసులోనే ఉంటుంది, నోటీసు చేతికందిన రోజు నుంచి లెక్క. అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట చెప్పి పెట్టండి: ఏ కాగితం వచ్చినా వెనకవైపు తేదీ వేసి, అదే రోజు ఫోటో పంపమనండి. సమాచార హక్కు కింద కొలతల కాగితం అడగవచ్చు. కానీ దానికి జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల సమయముంటుంది. అది వచ్చేదాకా పిటిషన్ ఆపితే గడువు దాటిపోతుంది.

మేం జతచేసినవి ఇవి: పాత పన్ను రసీదులు, రిజిస్ట్రేషన్ దస్తావేజు నకలు, టేపు పట్టి కొలిచిన ఫోటోలు, అంగడి కరెంటు మీటరు తీయించేసిన రసీదు. పిటిషన్ ఒక్క పేజీ. అందులో కోపం లేదు, అంకెలే ఉన్నాయి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, అది మరవొద్దు.

ఇల్లు మీ పేరు మీదే ఉంటే అక్కడ మీ తరఫున ఒకరు ఉండాలి. ఎంబసీలో అటెస్ట్ చేయించి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు సుంకం కట్టించాలి. చాలామంది ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మరచిపోతారు.

ఇంకో మాట. పిటిషన్ వేశాం కదా అని పన్ను ఆపకండి. బాకీ మీద నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. మేం పాత లెక్క ప్రకారం కట్టేసి, ఆ రసీదు కూడా ఫైలులో పెట్టాం.

విచారణ రోజు అక్కడ పదకొండు గంటలు, ఇక్కడ ఎనిమిదిన్నర. నేను గోదాములో ర్యాకుల మధ్య నిలబడి ఫోన్ చెవిలో పెట్టుకున్నాను. అమ్మ గొంతు వినిపించింది: "సారూ, మీరొచ్చి కొలవండి. ఎక్కువుంటే ఎక్కువే కడతా." వాళ్లు వచ్చారు, టేపు పట్టారు. 53 మళ్లీ 35 అయింది. దుకాణం మళ్లీ ఇల్లయింది.

ఇప్పుడు పై అంతస్తు సంగతి. అది నేను కట్టించింది. సెలవు మీద వెళ్లి, నెల రోజుల్లో స్లాబు పడాలన్న తొందరలో, ప్లాను లేకుండా కట్టించాను. "అందరూ అలాగే కడతారు" అనుకున్నాను. అనుమతి లేని కట్టడానికి పన్నుతో పాటు, పన్నుకు సమానంగా దాకా జరిమానా వేయవచ్చని చట్టంలో ఉంది. అది సక్రమం చేయించుకునే దాకా ఏటా పడుతుంది. మా పిటిషన్‌లో ఆ భాగం నిలవలేదు. నిలవకూడదు కూడా. ఆఖరుకు ఆరు నెలల పన్ను 2,150 దగ్గర ఆగింది. అందులో వాళ్ల తప్పు పోయింది, నా తప్పు మిగిలింది.

ఫోన్‌లో అమ్మతో ఆ మాటే చెప్పాను. "పోనీలే నాయనా, ఈసారి వచ్చినప్పుడు ప్లాను సంగతి చూడు" అంది. కమ్మలు చెవులకే ఉన్నాయి.

మిత్రులారా, మనం ఇంటికి డబ్బు పంపడం బాగా నేర్చుకున్నాం. ఆ ఇంటి కాగితాలు చదవడం నేర్చుకోలేదు. ఈ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, అన్నం తిన్నావా అని అడిగాక, పన్ను రసీదు ఒకటి ఫోటో తీసి పంపమనండి. అందులో మీ ఇంటి కొలత ఎంత రాశారో చూడండి. పన్ను రసీదు ఇల్లు మనదేనని తేల్చే దస్తావేజు కాదు, కానీ లెక్క ఎక్కడ తప్పిందో అదే చెప్తుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా కడితే ఐదు శాతం తగ్గింపు ఇస్తుంటారు, ఆ సంగతీ కనుక్కోండి.