రహీం సాబ్ చూపు



నన్ను ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు తెలిసిన ఆట ఫుట్‌బాల్. తలచుకోవలసిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. భారత జట్టు కోచ్‌గా ఆయన అందరికీ తెలుసు. అంతకు ముందు హైదరాబాదులో బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. వెనక బెంచీ పిల్లల్ని కనిపెట్టే చూపు ఆయనకు ఆ తరగతి గదుల్లోనే అబ్బిందని నా నమ్మకం.

స్థానిక లీగులో ఆడుకుంటున్న అమ్ముగూడ పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాంను పట్టుకున్నది ఆయనే. 1956లో ఆ కుర్రాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

గుర్తిస్తే సరిపోదు, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే పక్కన కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ ఆయన్ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్లో ఒక గోలు, ఫైనల్లో ఇంకొకటి! దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనది. మరుసటి ఏడు జూన్‌లో కేన్సర్ రహీం సాబ్‌ను తీసుకుపోయింది.

మన బడిలో డ్రిల్లు మాస్టారి పోస్టు ఖాళీగా ఉంది. ఆటల పీరియడులో పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కడదామంటున్నారు. కట్టండి, కాదనను. ముందు ఒక మాస్టారికి రెండేళ్ల జీతం తీసి పక్కన పెట్టండి. నా వాటా ఇందాకే కార్యదర్శి గారి చేతికిచ్చాను.