ఒద్దికగా



కొండవీడు కొండ దిగువన చెంఘీజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్దలు చేతబట్టిన బాలకృష్ణుని దర్శించి, ఎంత అల్లరివాడో యని మనమందరము మురిసిపోవుదుము. ఆ వెంటనే మండపములో పరుగెత్తుచున్న మన ఆడపిల్లను "ఒద్దికగా కూర్చోవే" అని కసరుదుము. మగపిల్లవానికి ఆ మాట చెప్పుట మాత్రము అరుదు.

ఒద్దికగా అనగానే తల వంచుకొనుట, నోరు మెదపకుండుట అని మన మనస్సులలో స్థిరపడినది. కాని ఒద్దిక యనగా పొందిక, అనుకూలత, స్నేహము అనియు నిఘంటువులు చెప్పుచున్నవి. "అన్నదమ్ములు ఒద్దికగా ఉన్నారు" అనునప్పుడు మన పల్లెలలో నేటికిని ఆ యర్థమే వినబడును. అణకువకు ఒక్కరు చాలును. ఒద్దికకు ఇద్దరుండవలెను.

కొండవీడు రాజధాని కాకమునుపు, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున ఎఱ్ఱాప్రగడ ఉండెను. నన్నయభట్టు అరణ్యపర్వమును నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వమునుండి మొదలుపెట్టెను. ఆ కొఱతను 14వ శతాబ్దమున పూరించినవాడు ఎఱ్ఱన. తన ప్రభువునకు హరివంశము నంకితమిచ్చిన యీ మహాకవి, అరణ్యపర్వ శేషమును మాత్రము సుమారు మూడువందల ఏండ్ల క్రిందటి రాజరాజనరేంద్రుని పేరనే, నన్నయయే ముగించినట్లు నడిపెను. నన్నయ ధోరణిలో ఆరంభించి మెల్లగా తిక్కన ధోరణిలోనికి దిగెనని పెద్దలందురు. ఇరువురు మహానుభావుల నడుమ కూర్చుండి, ఎవ్వరికిని ఇరుకు కానీయలేదు. ఒద్దికగా కూర్చుండుట యన్న ఇదే కదా! అట్లని ఎఱ్ఱన పలుకక కూర్చున్నవాడు కాడు.

ద్రౌపదీ సత్యభామల సంభాషణ ఆ శేషభాగములోనిదే. ఐదుగురు భర్తలు నీకు అనుకూలురై యుండుటకు ఏ మంత్రము, ఏ మందు వాడితివని సత్యభామ అడిగెను. మందు పెట్టు ఇల్లాలిని చూచి భర్త, ఇంట దూరిన పామును చూచినట్లు బెదరునని ద్రౌపది మందలించెను. పిమ్మట తాను చేయు పనులు చెప్పినది. అత్తగారి సేవ, అతిథుల భోజనము, పరిచారకుల మంచిచెడ్డలు మాత్రమే కాదు, ధర్మరాజు బొక్కసపు ఆదాయవ్యయములును ఆమెకే తెలియును. కురుసభలో, ధర్మరాజు ముందు తన్నోడెనా, నన్నోడెనా అని పెద్దలను నిలదీసినదియు ఈమెయే. ఆనాడు భీష్ముడంతటివాడు సమాధానము తేల్చలేకపోయెను.

మందలింపు విని సత్యభామ అలుగలేదు. చెలుల నడుమ పరిహాసముగా అడిగితిని, మన్నింపుమని ద్రౌపదిని వేడుకొనినట్లు వ్యాసభారతము చెప్పుచున్నది.