సిమెంటు కంపెనీల కలయిక – పోటీ చట్టం

భారత రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం పౌరులకు వ్యాపార స్వేచ్ఛను ప్రసాదిస్తూనే, ప్రజాప్రయోజనం కోసం దానిపై సహేతుకమైన ఆంక్షలు విధించే అధికారాన్ని 19(6) ద్వారా రాజ్యానికి ఇచ్చింది. 2002 నాటి పోటీ చట్టంలోని విలీన నియంత్రణ, అంటే నిర్ణీత పరిమాణాన్ని మించిన సంస్థలు ఒకటి కావడానికి లేదా ఒకదాన్ని మరొకటి కొనడానికి ముందే భారత పోటీ కమిషన్ అనుమతి పొందాలన్న నియమం, ఈ సమతూకంపైనే నిలిచి, 2011 జూన్ 1 నుంచి అమలవుతోంది.

సున్నపురాయి విరివిగా దొరికే నంద్యాల ప్రాంతంలో ఈ నియమం అవసరం తేలిగ్గా బోధపడుతుంది. సిమెంటు బరువెక్కువ, ధర తక్కువ సరుకు కావడంతో, 50 కిలోల బస్తాను దూరం నుంచి తెప్పిస్తే లారీ కిరాయే తడిసి మోపెడవుతుంది. అందువల్ల ఆళ్లగడ్డలో ఇల్లు కట్టుకునేవారికి దేశంలో ఎన్ని కంపెనీలున్నాయన్న దానికంటే, కొలిమిగుండ్ల, యర్రగుంట్ల వంటి దగ్గరి ఊళ్ల ఫ్యాక్టరీలు పరస్పరం పోటీపడుతున్నాయా అన్నదే ముఖ్యం.

యర్రగుంట్ల దగ్గరి చిలంకూరులో ఫ్యాక్టరీ ఉన్న ఇండియా సిమెంట్స్‌లో ప్రమోటర్ల, అనగా సంస్థను నడిపించే ప్రధాన వాటాదారుల, వాటాను మరో సిమెంటు కంపెనీ అల్ట్రాటెక్ కొనుగోలు చేయడానికి కమిషన్ 2024 డిసెంబరులో అనుమతించింది. జాప్యం వ్యాపారానికి భారం కాకూడదని పోటీ చట్టానికి 2023లో చేసిన సవరణ కమిషన్ పరిశీలన గడువును 210 రోజుల నుంచి 150 రోజులకు కుదించింది. ఎదగడానికి సంస్థకున్న స్వేచ్ఛ ఎంత విలువైనదో, ఎంచుకోవడానికి కొనుగోలుదారుకున్న స్వేచ్ఛ కూడా అంతే విలువైనది.