ఓడిన కోడి మీద పందెం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ కంపెనీల పోటీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. ఆ పోటీలో ఓడిన కోడి మీద పందెం కాసినవాణ్ణి నేను. ఆ సంగతే చెబుతాను.

2007లో ఐఫోన్, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చాయి. అప్పటికి ఫోన్ల అమ్మకాల్లో ఫిన్లాండ్ కంపెనీ నోకియాదే మొదటి స్థానం. 2011లో అది మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. ఇంతటివాళ్లిద్దరూ కలిస్తే ఇక తిరుగేముంది అనుకున్నాను. మన బడిలో చదివిన ఇద్దరు తమ్ముళ్లకు కూడా విండోస్ ఫోన్ ప్రోగ్రామింగే నేర్చుకోమని చెప్పాను.

ఫోను మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ వాడేవాళ్లు తక్కువని యాప్‌లు చేసేవాళ్లు రాలేదు, యాప్‌లు లేవని కొనేవాళ్లు రాలేదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు! అవతల గూగుల్ ఆండ్రాయిడ్‌ను ఫోన్ల తయారీదారులకు ఉచితంగా ఇచ్చింది. చౌక ఫోన్లు ఊరూరా చేరాయి.

2014లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. ఆ బేరం వద్దని ఓటేశానని తర్వాత తన పుస్తకంలో రాసుకున్న మన హైదరాబాద్ వాసి సత్య నాదెళ్లే, మరుసటి ఏడాది 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. 7,800 వరకు ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించారు.

ఆ తమ్ముళ్లలో ఒకడు మూడో వరుసలో ఉన్నాడు. ఉద్యోగం పోయి, ఆండ్రాయిడ్ మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. తమ్ముడూ, మన మాస్టార్ల ఎదుటే ఒప్పుకుంటున్నా, అది తప్పుడు సలహా. భోజనాల దగ్గర నా పక్కన కూర్చో.