మెదడునకు గడియయే ప్రాణము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాటలకును నాటికకును నడుమ వైద్యుని ప్రసంగమెందుకని కొందరు చిన్నబుచ్చుకొని యుందురు. కావున క్లుప్తముగనే ముగించెదను. నేను చెప్పదలచినది ఒక్కటే. మెదడునకు వచ్చు జబ్బులు అనేకములు. కాని వానిలో పెక్కింటికి చేయూతనిచ్చునది మన ఆలస్యము.

మెదడు బరువు ఇంచుమించు 1,400 గ్రాములు. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు. అయినను శరీరము వాడుకొను ప్రాణవాయువులో దాదాపు ఐదవ వంతు దానికే కావలెను. అది రేపటికని దాచుకొనజాలదు; ఏ నిమిషమునకు ఆ నిమిషము రక్తము అందవలసినదే. రక్తప్రసారము పూర్తిగా ఆగినచో పది సెకండ్లలో తెలివి తప్పును; నాలుగైదు నిమిషములలో కణములు నశింపనారంభించును.

మా కాలనీలో ఒక పెద్దమనిషి కలరు. ముప్పది సంవత్సరములు రాయపూరులో ఉద్యోగము చేసినవారు. ఆఫీసులో ఆయన హిందీని హిందీవారే మెచ్చుకొనెడివారు. ఒకనాటి రాత్రి పది గంటలకు ఆయన కుడిచేతినుండి మంచినీళ్ల గ్లాసు జారిపడినది. మూతి కొంచెము ప్రక్కకు లాగినది. మాట ముద్దగా వచ్చుచుండెను. ఇంటివారు వాతమనుకొని చేతికి నూనె రాచిరి. "ఇంత రాత్రివేళ డాక్టరుగారిని లేపడమెందుకు? తెల్లవారనీయండి" అని ఆయనయే అన్నారట. నా యిల్లు నాలుగిండ్ల అవతల. ఉదయము ఆరు గంటలకు నాకు కబురు వచ్చినది. నేను పోవుసరికి కుడి పార్శ్వము చచ్చుబడి, మాట పూర్తిగా పడిపోయి యుండెను.

ఇది పక్షవాతము. మెదడులోని రక్తనాళము గడ్డ కట్టిన రక్తముతో పూడిపోవుటవలన గాని, చిట్లుటవలన గాని ఇది కలుగును. గడ్డను కరిగించు మందు కలదు. దానిని మొదటి లక్షణము కనబడిన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. మన పెద్దల లెక్కలో గడియ యనగా 24 నిమిషములు. అనగా మనకున్నవి పదకొండుంపావు గడియలు. ఇందులోనే ఆసుపత్రి చేరవలెను; సి.టి. స్కాను తీయవలెను. ఏలయన, నాళము చిట్లినవానికి ఆ మందిచ్చినచో ప్రాణాపాయము. ఇంటిలో ఆస్పిరిను మాత్ర వేయరాదనుటకును కారణమిదియే. గడువు దాటిన పిమ్మట కొందరికి నాళములోనికి సన్నని గొట్టమును పంపి గడ్డను తీయుదురు. కాని ఆ మేలు అందరికిని దక్కదు.

గుర్తులు మూడు: మూతి వంకరపోవుట, ఒక చేయి వాలిపోవుట, మాట తడబడుట. మూడింటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనబడినను గడియారము చూచి వేళ వ్రాసికొనుడు; నోటిలో ఏమియు పోయక బయలుదేరుడు. కొన్ని నిమిషములలో తనంతట తగ్గినను వెళ్లవలసినదే. అది రాబోవు దానికి హెచ్చరిక. రక్తపుపోటు మందును "ఇప్పుడు బాగానే యున్నది గదా" యని మానుట ఈ జబ్బును పిలిచి పీట వేయుటయే.

ఇక అంటువ్యాధులు. సెలవులకు పిల్లలతో స్వగ్రామములకు పోవువారమును, ఉద్యోగపు పనిమీద బస్తరు వెళ్లువారమును మనలో పెక్కుమందిమి. 1965లో నాగపూరు సమీపమున చాందీపుర గ్రామములో ఒక వైరసును కనుగొనిరి. ఇసుక ఈగలు దానిని వ్యాపింపజేయును. 2003లో ఆంధ్రప్రదేశములో 329 మంది పిల్లలకు మెదడువాపు జ్వరము రాగా 183 మంది మరణించిరి. పరిశోధకులు అందులో ఈ వైరసునే గుర్తించిరి. పెక్కుమంది ఆసుపత్రిలో చేరిన 24 గంటలలోనే కన్నుమూసిరి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. మట్టిగోడల నెర్రెలు పూడ్చుట, దోమతెర కట్టుట, బిడ్డను వేగముగా వైద్యునికి చూపుట—ఇవియే శరణ్యము.

బస్తరు ప్రాంతమున ఫాల్సిపారం జాతి మలేరియా కలదు. అది ముదిరి మెదడునకెక్కినచో మనిషి మగతలో పడును. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము మలేరియా ముక్త బస్తరు కార్యక్రమము నారంభించి ఇంటింట రక్తపరీక్షలు చేయించినది. దీనికి మంచి మందున్నది; వేళకు అందవలెను. జ్వరముతోపాటు మెడ బిగిసినను, మాట పొంతన తప్పినను, మూర్ఛ వచ్చినను దిష్టి తీయుచు కూర్చుండరాదు.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టుట, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టుట మన యిండ్లలో నేటికిని కలదు. అవి నిరుపయోగములు. పండ్ల నడుమ చెంచా దూర్చుట అపాయకరము. ఒక ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, వేళ చూచుచుండుడు. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తరలించుడు. మూర్ఛ దయ్యము కాదు. చాలమందికి మందులతో అదుపులో నుండును.

తలకు దెబ్బ తగిలినపుడు మరియొక మోసము కలదు. స్కూటరుపైనుండి పడినవాడు లేచి, బట్టలు దులుపుకొని, "ఏమీ కాలేదు" అని యింటికి వచ్చును. లోపల పుఱ్ఱెకును పై పొరకును నడుమ రక్తము చేరుచుండును. గంటలు గడిచిన పిమ్మట తలనొప్పి, వాంతులు, మత్తు. "అలసిపోయినాడు, పడుకోనీయండి" యని తలుపు వేసినచో ఆ నిద్ర కడపటి నిద్ర కావచ్చును. ఒక దినమంతయు కనిపెట్టియుండవలెను. శిరస్త్రాణము ధరింపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షనులో చెప్పినది; ఆ సెక్షను పోలీసువాని కొరకు కాదు, మన పిల్లల కొరకు.

రాయపూరులో 1963 నుండి వైద్యకళాశాల యున్నది. 2012లో టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఆరంభమైనది. 2005లో హైదరాబాదున మొదలైన 108 అంబులెన్సు సేవ నేడు ఇక్కడను అందుచున్నది. మన ఉద్యోగులను ఆపునది తరచుగా కాగితము. "రిఫరల్ లేదు, కార్డు కనబడలేదు" అందురు. ప్రాణాపాయ సమయమున ముందు అనుమతి లేకయే ఆసుపత్రిలో చేర్పింపవచ్చునని సి.జి.హెచ్.ఎస్. నిబంధనలే చెప్పుచున్నవి. కాగితము తరువాత తేవచ్చును. పోయిన గడియను తేలేము.

ఆ పెద్దమనిషి సంగతి చెప్పి విరమించెదను. మూడు వారముల తరువాత ఆయన నోట తొలిమాట వచ్చినది: "నీళ్లు". హిందీ మాత్రము చాలకాలము రాలేదు. అందరియందును ఇట్లే జరుగదు. పెక్కుమందికి తెలిసిన భాషలన్నియు కలిసియే కోలుకొనును. కాని ఆయనకు తెలుగే ముందు వచ్చినది. ఆయన భార్య తప్ప ఆ యింట పగటిపూట తెలుగు మాటాడువారు లేరు. మన సంఘమువారు వారమునకు ఇద్దరు చొప్పున వెళ్లి కూర్చుండి, ఊరి సంగతులు మాటాడవలెనని నా మనవి. మాట మాటాడినకొలదియే తిరిగి వచ్చును.

మరియొక మనవి. అర్ధరాత్రి పొరుగువానిని లేపుట మర్యాద కాదని మన పెద్దలు మనకు నేర్పినారు. ఆ మర్యాద ఈ ఒక్క విషయమున విడువుడు. ముందు 108కి ఫోను చేసి, పిమ్మట రాత్రి రెండు గంటలకైనను నా తలుపు తట్టుడు.